పొట్టి శ్రీరాములు

పొట్టి శ్రీరాములు (మార్చి 16, 1901 - డిసెంబర్ 15, 1952) స్వాతంత్ర్య సమరయోధుడు, గాంధేయవాది, హరిజనోద్ధరణకు పాటుపడిన సంఘసేవకుడు. మద్రాసు నగరంతో కూడిన ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కొరకు ఆమరణ నిరాహార దీక్ష చేపట్టి, 58వ రోజున మరణించాడు. ఆయన మరణించిన నాలుగు రోజులకు ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. తెలుగువారు ఆయనను అమరజీవి అని గౌరవంగా పిలుచుకుంటారు.

శ్రీరాములు ప్రజా జీవితంలో ఉపవాసం పలుమార్లు కనిపిస్తుంది. ఆశ్రమ జీవితంలో నియమంగా అలవడిన ఆహార నిగ్రహం, తరువాతి కాలంలో ఆయనకు సత్యాగ్రహ సాధనమైంది. ఆకలిని శరీరం ఎలా పుట్టిస్తుందో, దీర్ఘకాలం ఆహారం లేనప్పుడు శరీరంలో ఏమి జరుగుతుందో వైద్యశాస్త్రానికి వివరంగా తెలిసినది ఆయన మరణం తరువాతనే. ఆ పరిజ్ఞానం ఆయన చివరి 58 రోజులను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది.

బాల్యము, విద్య

పొట్టి శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసులోని జార్జిటౌన్, అణ్ణాపిళ్ళె వీధిలో గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు జన్మించాడు. వీరి పూర్వీకులది నెల్లూరు ప్రాంతం. ఇరవై ఏళ్ళ వరకు ఆయన చదువు మద్రాసులోనే సాగింది. తరువాత బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగు చదివాడు.

చదువు ముగిసిన తరువాత గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో ఉద్యోగంలో చేరి, సుమారు నాలుగేళ్ళు పనిచేసాడు. 1920ల చివరలో భార్య, అప్పుడే పుట్టిన బిడ్డ మరణించారు. ఈ విషాదం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఉద్యోగానికి రాజీనామా చేసి, ఆస్తిపాస్తులను వదులుకుని, గాంధీజీ అనుయాయిగా సబర్మతి ఆశ్రమంలో చేరాడు.

ఆశ్రమ జీవితం

సబర్మతి ఆశ్రమవాసులు పాటించవలసిన వ్రతాలలో అస్వాదం ఒకటి. రుచి కొరకు కాక శరీర పోషణకు మాత్రమే తినడం దీని అర్థం. ఆహారాన్ని తగ్గించుకోవడం, నియమిత దినాలలో ఉపవాసం ఉండడం గాంధీజీ దృష్టిలో ఆత్మశుద్ధికి మార్గాలు. శ్రీరాములు ఈ వాతావరణంలో గడిపాడు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళాడు. గుజరాత్‌లోని రాజకోటలోను, కృష్ణా జిల్లా కొమరవోలులోను గ్రామ పునర్నిర్మాణ కార్యక్రమాలలో పనిచేసాడు. కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం నెలకొల్పిన గాంధీ ఆశ్రమంలో ఆయన సేవలందించాడు. ఇప్పటి పామర్రు మండలంలో ఉన్న ఈ గ్రామం కృష్ణా డెల్టాలోనిది. 1855లో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ ప్రాంతమంతా వరి పండే మాగాణిగా మారింది. తిండికి కొదవలేని ఈ పల్లెసీమలో కూడా అంటరానివారుగా ముద్రపడిన కూలీలకు ఊరి బావి నీరు, గుడి ప్రవేశం, సమాన పంక్తి భోజనం నిషిద్ధమైన కాలమది. ఆశ్రమాల పనిలో ఖద్దరు, పారిశుధ్యంతో పాటు అస్పృశ్యతా నివారణ కూడా ముఖ్య భాగం.

1941-42 సంవత్సరాలలో వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా ఉద్యమాలలో పాల్గొని మూడు పర్యాయాలు కారాగార శిక్ష అనుభవించాడు.

నెల్లూరులో సేవ, తొలి దీక్షలు

1943-44లో శ్రీరాములు నెల్లూరు జిల్లాలో రాట్న ప్రచారం చేసాడు. కుల మత భేదం లేకుండా ఏ ఇంటివారు పెట్టినా భోజనం చేసేవాడు. ఎవరి చేతి అన్నం ఎవరు తినవచ్చునన్నది కులం నిర్ణయించే రోజులలో ఇది చిన్న విషయం కాదు. తినడం, తినకపోవడం రెండూ ఆయనకు అస్పృశ్యతపై నిరసన తెలిపే మార్గాలైనాయి.

1946-48 మధ్య ఆయన మూడు సార్లు నిరాహార దీక్ష చేపట్టాడు. నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనులకు ప్రవేశం కల్పించాలన్నది వీటిలో ఒకదాని కోరిక. చివరకు ఆ ప్రవేశం లభించింది. మద్రాసు రాష్ట్రంలోని ఆలయాలన్నిటిలో హరిజన ప్రవేశం కోరుతూ 1946 చివరలో చేపట్టిన దీక్షను గాంధీజీ నచ్చజెప్పగా విరమించాడు. మరొక దీక్ష ఫలితంగా, కలెక్టర్లు వారానికి కనీసం ఒక రోజు హరిజనోద్ధరణ పనులకు కేటాయించాలని మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది.

చివరి సంవత్సరాలలో ఆయన నెల్లూరులోనే ఉంటూ, అస్పృశ్యతకు వ్యతిరేకంగా నినాదాలు రాసిన అట్టలను మెడకు తగిలించుకుని, కాళ్ళకు చెప్పులు, తలపై గొడుగు లేకుండా మండుటెండలో తిరిగి ప్రచారం చేసేవాడు. ఆయనను పిచ్చివాడిగా భావించిన వారు కూడా ఉండేవారు.

ఆంధ్ర రాష్ట్ర సమస్య

మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలను వేరుచేసి ప్రత్యేక రాష్ట్రం ఏర్పరచాలన్న కోరిక 1910ల నుండి ఉన్నది. స్వాతంత్ర్యం తరువాత 1948లో నియమించబడిన ధార్ కమిషన్ భాషా ప్రాతిపదికపై రాష్ట్రాల ఏర్పాటుకు అనుకూలంగా లేదు. తరువాత జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కాంగ్రెసు ఏర్పరచిన జె.వి.పి. కమిటీ, మద్రాసు నగరంపై హక్కును వదులుకుంటే ఆంధ్ర రాష్ట్ర విషయం పరిశీలించవచ్చునని 1949లో సూచించింది. మద్రాసు నగరం ఎవరికి చెందాలన్న దగ్గరే సమస్య నిలిచిపోయింది.

1951 ఆగస్టు 15న స్వామి సీతారాం (గొల్లపూడి సీతారామశాస్త్రి) ఆంధ్ర రాష్ట్రం కొరకు గుంటూరులో ఆమరణ దీక్ష ప్రారంభించాడు. 35 రోజుల తరువాత వినోబా భావే విజ్ఞప్తిపై విరమించాడు. కాని రాష్ట్రం రాలేదు. ఆ మరుసటి సంవత్సరం శ్రీరాములు దీక్ష ప్రకటించినప్పుడు, అది కూడా అలాగే ముగుస్తుందని భావించడానికి ఈ పూర్వానుభవం కొంత అవకాశమిచ్చింది.

ఆమరణ నిరాహార దీక్ష

1952 అక్టోబర్ 19న మద్రాసు మైలాపూరులో, రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తి ఇంట్లో శ్రీరాములు దీక్ష ప్రారంభించాడు. సాంబమూర్తి అంతకు పూర్వం మద్రాసు శాసనసభకు స్పీకరుగా పనిచేసిన కాంగ్రెసు నాయకుడు. ఆంధ్ర కాంగ్రెసు నాయకత్వం దీక్షను సమర్థించలేదు. అప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి, ప్రధానమంత్రి నెహ్రూ.

మొదటి వారాలలో ప్రభుత్వం నుండి చెప్పుకోదగిన స్పందన లేదు. దీక్ష సాగినకొద్దీ తెలుగు జిల్లాలలో ఆందోళన పెరిగింది. డిసెంబర్ 3న నెహ్రూ రాజగోపాలాచారికి లేఖ రాస్తూ, ఈ దీక్ష తనను కదిలించలేదని, దానిని పట్టించుకోదలచుకోలేదని తెలిపాడు. అది దీక్షలో 46వ రోజు. డిసెంబర్ 12న, అనగా 55వ రోజున, ఆంధ్ర కోరికను అంగీకరించే సమయం వచ్చిందని ఆయనే రాజగోపాలాచారికి రాసాడు. బహిరంగ ప్రకటన మాత్రం వెలువడలేదు. డిసెంబర్ 15 రాత్రి శ్రీరాములు మరణించాడు.

పోల్చి చూస్తే, గాంధీజీ చేసిన అతి దీర్ఘ ఉపవాసాలు (1924, 1933, 1943) ఒక్కొక్కటి 21 రోజులవి. 1929లో లాహోరు జైలులో జతీంద్రనాథ్ దాస్ 63 రోజుల దీక్ష తరువాత మరణించాడు. 1981లో ఉత్తర ఐర్లండులోని జైలులో దీక్ష చేసి మరణించిన పదిమంది 46 నుండి 73 రోజుల మధ్య ప్రాణాలు విడిచారు. దీనిని బట్టి, ఆహారం లేని మనిషికి ప్రాణాపాయం ఆరంభమయ్యే దశలోనే డిసెంబర్ 3 నాటి లేఖ రాయబడినదని తెలుస్తుంది.

ఆకలి, శరీర ధర్మం

ఆకలి హార్మోన్లు

ఆకలి కడుపులో తెలిసినా, దానిని నియంత్రించేది మెదడు అడుగు భాగంలో ఉండే హైపోథాలమస్. దీనిలో పార్శ్వ భాగం ఆహార కేంద్రంగా పనిచేస్తుందని భారతీయ శరీరధర్మ శాస్త్రవేత్త బాలకృష్ణ ఆనంద్, అమెరికాకు చెందిన జాన్ బ్రోబెక్‌తో కలిసి 1951లో చూపించాడు. ఎలుకల మెదడులో ఆ భాగం దెబ్బతింటే అవి పూర్తిగా తినడం మానివేసాయి. ఇది శ్రీరాములు దీక్షకు ఒక సంవత్సరం ముందు సంగతి.

హైపోథాలమస్‌కు శరీరం నుండి సమాచారాన్ని చేరవేసే ముఖ్యమైన హార్మోన్లు అప్పటికి కనుగొనబడలేదు. కొవ్వు కణాల నుండి వెలువడే లెప్టిన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం, ప్రధానంగా జీర్ణాశయం నుండి వెలువడే గ్రెలిన్‌ను 1999లో జపానుకు చెందిన కొజిమ, కంగావ బృందం కనుగొన్నారు. గ్రెలిన్ భోజన వేళకు ముందు పెరిగి ఆకలి పుట్టిస్తుంది, తిన్న తరువాత తగ్గుతుంది. అలవాటైన వేళకే ఆకలి వేయడానికి ఇదొక కారణం. లెప్టిన్ ఒంట్లో కొవ్వు నిల్వ ఎంత ఉన్నదో మెదడుకు తెలుపుతుంది. ఇన్సులిన్, పేగుల నుండి వచ్చే కోలిసిస్టోకైనిన్, పి.వై.వై. వంటివి కడుపు నిండిన భావనకు తోడ్పడతాయి.

ఉపవాసపు తొలి దశ

ఆహారం ఆపిన ఒక రోజులో కాలేయంలోని గ్లైకోజన్ నిల్వ దాదాపు హరించుకుపోతుంది. తరువాత శరీరం కొవ్వును, కొంత కండరాన్ని కరిగించుకుంటుంది. కొవ్వు నుండి కాలేయం కీటోన్లను తయారుచేస్తుంది. కొన్ని వారాల ఉపవాసంలో మెదడుకు కావలసిన శక్తిలో సుమారు మూడింట రెండు వంతుల వరకు కీటోన్లే సమకూర్చగలవని 1960లలో జార్జి కాహిల్ పరిశోధనలు నిరూపించాయి. ఈ ఏర్పాటు లేకుంటే మెదడుకు గ్లూకోజు అందించడం కొరకే కండరాలు త్వరగా కరిగిపోయి, ఏ మనిషీ రెండు నెలల వరకు బ్రతకలేడు.

మొదటి రెండు మూడు రోజులలో ఆకలి బాధ తీవ్రంగా ఉండి, తరువాత మందగించడం దీర్ఘ ఉపవాసాలు చేసినవారిలో తరచుగా కనిపిస్తుంది. గ్రెలిన్ రోజురోజుకు పెరుగుతూ పోకపోవడం, కీటోన్లు అధికం కావడం ఇందుకు కారణాలుగా భావిస్తారు. ఆకలి మందగించడం శరీరం క్షేమంగా ఉన్నదనడానికి గుర్తు కాదు. అదే సమయంలో లెప్టిన్ బాగా పడిపోతుంది. దాని ఫలితంగా థైరాయిడ్, లైంగిక హార్మోన్లు తగ్గి, శరీరం పొదుపు స్థితికి చేరుతుంది. నాడి నెమ్మదిస్తుంది, చలి ఎక్కువగా అనిపిస్తుంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి.

చివరి దశ

శరీరంలో థయమిన్ (విటమిన్ బి1) నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. అది తరిగినప్పుడు చూపు చెదరడం, వాంతులు, నడక తడబడడం, మతి తప్పడం సంభవిస్తాయి. బాగా మరపట్టిన బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ కాలంలో ప్రబలిన బెరిబెరి వ్యాధి కూడా ఈ విటమిన్ లోపం వలన వచ్చినదే. కొవ్వు నిల్వలు అడుగంటిన తరువాత శరీరం కండరాలను వేగంగా కరిగించుకుంటుంది. గుండె, శ్వాసకు తోడ్పడే కండరాలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. వ్యాధి నిరోధక శక్తి క్షీణిస్తుంది. మొదటి నుండి సన్నగా ఉన్నవారికి ఈ దశ త్వరగా వస్తుంది.

ఈ దశలో దీక్ష విరమింపజేయడం కూడా ప్రమాదంతో కూడినదే. ఒక్కసారిగా ఆహారమిస్తే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం కణాలలోకి చేరిపోయి, గుండె ఆగిపోవచ్చు. అందుచేత థయమిన్ ఇచ్చి, ఆహారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, రక్తంలో లవణాలను పరీక్షిస్తూ ఉండాలి. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి 1925లో వెలువడిన ఫిస్క్-సుబ్బారావు పద్ధతి రూపకర్తలలో ఒకరు తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు కావడం గమనించదగినది.

ఆహార రుగ్మతలకు, దీక్షకు భేదం

అనోరెక్సియా నెర్వోసా అనే రుగ్మతలో కూడా మనిషి తినడం మానివేసి చిక్కిపోతాడు. లావవుతామనే భయం, తన శరీరాకృతిని గురించి తప్పుడు అంచనా ఈ రుగ్మత లక్షణాలు. ఈ రోగులలో లెప్టిన్ తక్కువగాను, గ్రెలిన్ సాధారణం కంటే ఎక్కువగాను ఉంటాయి. అనగా తినమని శరీరం హెచ్చరిస్తూనే ఉంటుంది, అయినా రోగి తినలేడు. బులీమియాలో ఆపుకోలేకుండా అతిగా తినడం, తరువాత వాంతి చేసుకోవడం వంటివి మారిమారి వస్తాయి. ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ అనే జన్యు వ్యాధిలో గ్రెలిన్ అధికంగా ఉండి, ఎంత తిన్నా ఆకలి తీరదు. హార్మోన్లు ఆకలిని ఎంతగానో ప్రభావితం చేసినా, మనిషి తినడం మానడం వాటి ఒక్కదానిపైనే ఆధారపడి లేదని ఈ ఉదాహరణలు తెలుపుతాయి.

నిరాహార దీక్ష చేసేవానికి ఆహారంపై ఏవగింపు గాని, శరీరాకృతిపై భ్రమ గాని ఉండనవసరం లేదు. కోరిక నెరవేరితే ఆ క్షణమే తినడానికి అతడు సిద్ధం. అందుచేత వైద్యులు దీనిని వ్యాధిగా పరిగణించరు. తెలివితో ఉన్న దీక్షాపరునికి బలవంతంగా ఆహారం ఎక్కించరాదని ప్రపంచ వైద్య సంఘం 1991లో మాల్టా ప్రకటన ద్వారా సూచించింది. అయితే కారణం ఏదైనా, పస్తు మనస్సుపై చూపే ప్రభావం ఒకటే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు అర్ధాకలి భోజనం పెట్టి పరీక్షించాడు. వారికి ఇతర విషయాలపై ఆసక్తి నశించి, ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరిగాయి. క్రుంగుబాటు, చిరాకు పెరిగాయి. తిరిగి ఆహారమిచ్చిన తరువాత కూడా పలువురికి చాలా కాలం తృప్తి కలగలేదు. స్వచ్ఛందంగా వచ్చినవారికి అర్ధాకలే ఇంత కష్టమైనది. శ్రీరాములు పూర్తి నిరాహారంతో ఎనిమిది వారాలు దాటి నిలబడినదానిని దీనితో పోల్చి చూడవచ్చు.

మరణానంతర పరిణామాలు

శ్రీరాములు మరణవార్తతో మద్రాసు నుండి విశాఖపట్నం వరకు ఆందోళనలు చెలరేగాయి. విజయవాడ, ఏలూరు, గుంటూరు, నెల్లూరు మొదలైన పట్టణాలలో ప్రజలు వీధులలోకి వచ్చారు. రైళ్ళు నిలిచిపోయాయి, ప్రభుత్వ ఆస్తులకు నష్టం వాటిల్లింది. పోలీసు కాల్పులలో కొందరు మరణించారు.

1952 డిసెంబర్ 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించాడు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. శ్రీరాములు కోరిన మద్రాసు నగరం కొత్త రాష్ట్రానికి దక్కలేదు. ఇతర భాషా ప్రాంతాలలో కూడా ఇటువంటి కోరికలు బలపడడంతో 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన సంఘం ఏర్పడింది. 1956 నవంబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం కలిసి ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడింది. 2014లో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది.

స్మారకాలు

* మద్రాసులో (ఇప్పటి చెన్నై) ఆయన దీక్ష చేసి మరణించిన ఇంటిని స్మారక భవనంగా నిలిపారు.
* 1985లో హైదరాబాదులో స్థాపించబడిన తెలుగు విశ్వవిద్యాలయానికి తరువాత ఆయన పేరు పెట్టారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరును నిర్ణయించింది.
* 2000లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.
* 2008లో నెల్లూరు జిల్లా పేరును శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా మార్చారు.
* 58 రోజుల దీక్షకు గుర్తుగా కృష్ణా తీరాన అమరావతిలో 58 అడుగుల విగ్రహాన్ని నెలకొల్పనున్నట్లు 2025లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది.